పేరెత్తని ఆకు

పోయిన వారం మా అక్క కూతురు కోదాడ నుంచి సూర్యాపేటకు వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే సంచి తెరిచి ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టింది. అక్క ఏదో పచ్చడి పంపించింది కాబోలు అనుకున్నాను. మూత తీస్తే లోపల అరచేతి వెడల్పున, మీగడంత పల్చగా ఒక బట్టలాంటి పొర ఉంది. లేత ఆకుపచ్చ రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఒకటో తరగతి వాసన వచ్చింది. అతిశయోక్తి కాదు. చిన్నప్పుడు బొగ్గూ ఆకు పసరూ కలిపి పలకకు రుద్దినవాళ్లు ఎవరైనా సరే, ఆ వాసన ఇప్పటికీ గుర్తుపడతారు. "పుండు మీద వేసేది చిన్నమ్మా. మన ఆకు సారమే. చాన్నాళ్లకు కొంచెం కుదిరింది" అంది. దాని ముఖం చూసి నాకూ సంతోషం వేసింది. ఆ సంతోషం చాయ్ నీళ్లు మరిగేదాకా కూడా నిలవలేదు. నా వెనకాలే వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "నాయినకు మాత్రం చెప్పకు" అంది.

చెప్పకూడదట. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, తండ్రి ఎక్కడో మునగాల అవతల ఊళ్లో ఉన్నాడు, అయినా గుసగుసలు. ఈ ఒక్క మాట వల్లే కదా మా వాళ్లు ఇంత అనుభవించింది. ఆయన చెప్పలేదు, మాకు తెలియలేదు, చివరికి జరగకూడనిది జరిగింది. ఇప్పుడు మళ్లీ అదే పాట, ఈసారి కూతురి నోట. "మీ ఇంట్లో నోరున్న మనిషి ఒక్కరన్నా పుట్టలేదే?" అన్నాను. అది నవ్వి చాయ్ గ్లాసు అందుకుంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోతూ డబ్బా మాత్రం నా దగ్గరే వదిలింది, కొంతకాలం చల్లగా ఉంచితే ఎట్లా ఉంటుందో చూడాలట. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. పాలకోసం తలుపు తీసినప్పుడల్లా అది కనిపిస్తుంది, నా కోపం మళ్లీ మొదటికి వస్తుంది.

నా కోపం గురించి ముందే చెప్పడం మంచిది. నేను మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేసి, ఈమధ్యనే మానుకున్నాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం డ్రెస్సింగ్ గదిలోనే గడిచింది. మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులు. బెల్టులో పడ్డ వేళ్లు, బస్తా కొక్కెం గుచ్చుకున్న అరచేతులు, పొలంలో పార తగిలిన కాళ్లు, అన్నీ మా గదికే వచ్చేవి. నేరుగా వస్తే బాధ లేదు. ముందు ఇంట్లో ఒక వైద్యం, తరువాత పక్కింట్లో ఒక వైద్యం జరిగి, చివరికి మా దగ్గరికి వచ్చేవి. కట్టు విప్పితే పసుపు ఉండేది, సున్నం బెల్లం ఉండేది, కాఫీ పొడి ఉండేది, కాలిన చోట టూత్‌పేస్టు ఉండేది. ఒకాయన బండి గ్రీజు పూసుకుని వచ్చి, ఇనుమును కాపాడేది చర్మాన్ని కాపాడదా అని నన్నే ఎదురు అడిగాడు. అవన్నీ గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, గీకి, కడిగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. అరిచేదాన్ని. "నోరు మంచిదైతె ఊరు మంచిదైతది బిడ్డా" అని ఒక ముసలమ్మ నాకు బుద్ధి కూడా చెప్పింది. నా నోరు మంచిది కాదు. ఆ విషయం మా బావకు అందరికన్నా బాగా తెలుసు.

బావ అంటే మా అక్క భర్త. మునగాల దగ్గర హైవే దిగి లోపలికి పోతే వాళ్ల ఊరు. తాతల నాటి నుంచి గొర్రెలే బతుకు. కాస్త పొలం ఉన్నా దాన్ని అక్కకు వదిలేసి ఆయన మంద వెనకే తిరిగేవాడు. పొడుగు మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేపపుల్ల. నేను నర్సు చదువుకు పోయిన నాటి నుంచి నన్ను పేరుతో పిలవడం మానేసి "సూది మరదలు" అనేవాడు. పండక్కి పోతే చాలు, "సూది మరదలొచ్చింది, గొర్లను దాచిపెట్టుండ్రి, కనపడ్డదానికల్ల పొడుస్తది" అని వాకిట్లోనే మొదలుపెట్టేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "నీకంటె నీ గొర్లకే తెలివి ఎక్కువుంది బావా, వాటికి సూదంటే భయం లేదు" అనేదాన్ని. అక్క మా ఇద్దరి మధ్యా చాయ్ గ్లాసులు పెట్టి తప్పుకునేది.

ఆయనకు గొర్రెల వైద్యం వచ్చు. ముల్లు దిగినా, కంచె చీరినా, కుక్క పట్టినా తనే చూసుకునేవాడు. పురుగు పట్టిన పుండుకు సీతాఫలం ఆకు నూరి పెట్టేవాడు. మామూలు గాయాలకు ఆయన నమ్ముకున్నది పలకాకు. పుస్తకాల్లో గడ్డిచామంతి అంటారు. బాట పక్కన నేలకు అంటుకుని పెరుగుతుంది, ఆకు మీద గరుకు నూగు ఉంటుంది, సన్నని పొడుగాటి కాడ చివర చిన్న పువ్వు పూస్తుంది. మా బడి వెనక బోలెడు ఉండేది. పలకలు నల్లబడడానికి దాన్నే తెంపుకునేవాళ్లం, ఆటలో మోకాలు చీరుకుంటే దాన్నే నలిపి రాసుకునేవాళ్లం. ఊరంతా ఎరిగిన ఆకు. అయినా బావ వాళ్ల ఇంట్లో దాని చుట్టూ ఒక పెద్ద తతంగం ఉండేది. పొద్దు పొడవకముందే పోయి తేవాలి. తెచ్చేటప్పుడు ఎవరు పలకరించినా బదులు పలకకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కట్టిన తరువాత పుండు మానేదాకా ఆ ఆకు పేరు ఎవరూ ఎత్తకూడదు, కట్టినట్టు కూడా చెప్పకూడదు. చెబితే మందు పారదు, అంటే పనిచెయ్యదు. బావకు ఇది వాళ్లమ్మ నుంచి వచ్చింది. కాలు విరిగిన మేకపిల్లకు ఆమె కట్టు కడుతుంటే నేను ఒకసారి చూశాను. వచ్చిపోయేవాళ్లందరికీ ఆమె చేతిలో ఉన్న ఆకు కనిపిస్తూనే ఉంది. ఎవరూ కనిపించనట్టే మాట్లాడుతున్నారు. నాకు నవ్వు ఆగక ఇంటి వెనక్కి పోయి నవ్వాను. అప్పుడు నవ్వులాటగానే ఉండేది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ. కోదాడలో ఫార్మసీ చదువుకు చేరింది. పెద్ద చదువుకు వచ్చాక ఏదైనా ఒక మొక్క మీద పని చెయ్యమన్నారట. ఆకుల సారం తీసి, దాన్ని గుడ్డకు పట్టించి, గాయం మీద వేసే కట్టుగా మార్చవచ్చా, అది చీము పట్టించే క్రిములను చంపుతుందా అని చూడడం ఆ పని. దీని బుర్రలోకి ఇంకే మొక్కా రాలేదు. సెలవుకు ఇంటికి పోయి తండ్రిని అడిగింది. బావ పొద్దున్నే పోయి ఒక బుట్టెడు ఆకు తెచ్చి దాని ముందు పోశాడు కానీ పేరు మాత్రం పలకలేదు. "పేరు నా నోట రాదు బిడ్డా. మీ కాలేజోళ్లే ఏదన్నొకటి పెట్టుకుంటరు" అన్నాడట. వాళ్లు నిజంగానే ఒక లాటిన్ పేరు చెప్పారు. అది విన్న బావకు మహా సంతోషం. ఈ పేరు అయితే ఎంతమంది పలికినా పరవాలేదు, మందుకు అర్థం కాదు అన్నాడు.

అది ఆకు కడిగి, నీడన ఎండబెట్టి, పొడి చేసి, స్పిరిట్‌లాంటి దాంట్లో నానబెట్టి, వడకట్టి సారం తీసింది. దాంట్లో ముంచిన చిన్న కాగితం బిళ్లను క్రిములు పెంచిన గాజు పళ్లెంలో పెట్టింది. మర్నాటికి పళ్లెమంతా మసకగా ఉండి, బిళ్ల చుట్టూ మాత్రం అద్దంలా తేటగా ఒక గుండ్రటి చోటు వచ్చింది. అంటే అక్కడ క్రిములు పెరగలేదని అర్థం. ఫోన్‌లో ఫోటో తీసుకుని అది పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. "చూడు నాయినా, ఈ చుట్టూ ఖాళీగా ఉన్నది కదా, అక్కడ ఒక్క క్రిమి బతకలేదు" అని తండ్రికి చూపించింది. బావ ఫోన్‌ను అద్దం పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "మా అమ్మ బడికి పోలే. ఆమె మందు కాలేజీల పాసయింది" అన్నాడు. ఆ ఫోన్‌ను కళ్లకు అద్దుకున్నాడు. నాకూ ఏదోలా అయింది. కానీ మర్నాటికే ఆ ఫోటో హైవే మీద ధాబా దాకా వెళ్లింది. లారీ డ్రైవర్లకు కూడా చూపించాడు. ఎవరికి ఏ దెబ్బ తగిలినా దవాఖాన ఎందుకు, కాలేజీ వాళ్లే ఒప్పుకున్నారు అని మొదలుపెట్టాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "గాజు పళ్లెం వేరు, మనిషి కాలు వేరు బావా. పళ్లానికి షుగర్ లేదు" అన్నాను. ఆయనకు షుగర్ ఉంది. "ఓర్వలేవు మరదలా నువ్వు. మీ సూదులు అమ్ముడుపోవని రంధి" అని నవ్వాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా బావ ఇంట్లో ఆకు పనికివచ్చింది, పెరటి చెట్టు నేనయ్యాను.

ఆ వానాకాలమే ఆయన కాలికి తుమ్మ ముల్లు దిగింది. దిగినట్టు ఆయనకు తెలియలేదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్ల అరికాలికి స్పర్శ తగ్గిపోతుంది, నొప్పి అనే కబురు పైకి రాదు. చెప్పు లోపల తడిగా ఉందని అక్క చూస్తే బొటనవేలి కింద పుండు. వెంటనే నాకు ఫోన్ చేసింది. మిర్యాలగూడకు పిలిపించి మా డాక్టరుకు చూపించాను. ఆయన చెయ్యి మంచిది, ఓపిక తక్కువ. ముల్లు ముక్క తీసి, శుభ్రం చేసి, మాత్రలు రాశాడు. బావ చాలా వినయంగా, "ఆకు గిట్ల కట్టుకోవచ్చా సారు?" అని అడిగాడు. అడిగాడు, ఆ మాట నేను మరచిపోను. డాక్టరు తల ఎత్తకుండానే, "ఆ చెత్తంతా పెట్టి నా దగ్గరికి రావద్దు" అన్నాడు. అంతే. ఎందుకు వద్దో చెప్పలేదు. బయట ఇంకా జనం ఉన్నారు. బావ చొక్కా సవరించుకుని, సరే సారు అని లేచాడు. ఆ తరువాత ఆ దవాఖానలో ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు.

ఇంట్లో రోజు మార్చి రోజు అక్క కట్టు మార్చాలి, వారానికొకసారి నా దగ్గరికి రావాలి, అని పద్ధతి పెట్టాను. గుడ్డలు, మందు, ప్లాస్టరు అన్నీ సంచిలో సర్ది ఇచ్చాను. బావ మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆయన అంత సులువుగా దేనికైనా ఒప్పుకోవడం అదే మొదలు. అక్కకు పుండు చూస్తే కళ్లు తిరుగుతాయి. "నీకెందుకే తక్లీఫ్, గొర్ల కాళ్లు కట్టినోన్ని, నా కాలు నేను కట్టుకోనా?" అని ఆయనే ఆ పని తీసుకున్నాడు. ఆమె బతికిపోయాననుకుంది. వారానికి నా దగ్గరికి వచ్చినప్పుడు కట్టు తీరుగా ఉండేది, కొస లోపలికి మడిచి అచ్చం నేను కట్టినట్టే. విప్పి చూస్తే పుండు పైన ఆరుతున్నట్టు కనిపించేది, అంచులు దగ్గరపడుతున్నట్టు ఉండేది. నేను మెచ్చుకునేదాన్ని. మాత్రలు పనిచేస్తున్నాయి బావా అనేదాన్ని. ఆయన వేపపుల్ల ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంటూ, "ఏదో ఒకటి పనిచేస్తున్నది తీయ్" అని కిటికీ వైపు చూసేవాడు. ఆ చూపు ఇప్పుడు గుర్తుకొస్తే గోడకేసి తల బాదాలనిపిస్తుంది. నాది కాదు, ఆయనది.

తరువాత గొర్రెలు ఈనే రోజులు వచ్చాయి. మందను వదిలి రాలేనన్నాడు. ఫోన్ చేస్తే మంచిగనే ఉన్నదన్నాడు. అక్కను అడిగితే ఆయన మంచిగనే ఉన్నదంటున్నడు అంది. ఒకరోజు ఆటోలో ఆయన్ను ఎక్కించుకుని అక్క నేరుగా దవాఖాన ముందు దిగింది. ఒళ్లు కాలిపోతోంది, పాదం సొరబుర్రలా వాచింది. డ్రెస్సింగ్ గదిలో పడుకోబెట్టి కట్టు విప్పాను. వాసన గది దాటి పోయింది. పైన చర్మం మూసుకున్నట్టే ఉంది, లోపలంతా చీము. రెండు వేళ్లు నల్లబడ్డాయి. గుడ్డ మడతల్లో, వేళ్ల సందుల్లో నలిగిన పచ్చటి పిప్పి. వారం వారం చేసినట్టు ఆకు కడిగేసి, కొత్త కట్టు కట్టుకుని రావడానికి ఆ రోజు ఆయనకు ఒంట్లో సత్తువ లేదు.

"ఏం కట్టినవ్ బావా?" అన్నాను. "ఏం లే" అన్నాడు. నా చేతిలో పచ్చటి గుడ్డ ఉంది, ఆయన దాన్నే చూస్తున్నాడు, ఏం లేదంటున్నాడు. డాక్టరు వచ్చి అడిగాడు, మళ్లీ ఏం లే. అక్క ఏడుస్తూ అడిగింది, గోడ వైపు తిరిగాడు. నేను అరిచాను. మిల్లు వాళ్ల మీద కూడా ఎప్పుడూ అంత అరవలేదు. ఏం పెట్టావో చెబితే ఏ మందు వెయ్యాలో మాకు తెలుస్తుంది, ఎన్నాళ్లుగా పెడుతున్నావో చెప్పు అని బతిమాలాను కూడా. పలకడు. ఇంతలో కోదాడ నుంచి బిడ్డ వచ్చింది. గదిలో అడుగు పెట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ చీము వాసనలోంచి కూడా దానికి తన ప్రయోగశాల వాసన తెలిసింది. మెల్లగా వచ్చి తండ్రి తల దగ్గర నిలబడి, "నాయినా, పలకా..." అంది. జ్వరంతో వణుకుతున్న మనిషి ఒక్కసారిగా చెయ్యెత్తి దాని నోరు మూశాడు. "పేరెత్తకు బిడ్డా. మందు పారదు" అన్నాడు.

ఆ పాదం చూసిన ఎవరికైనా తెలుస్తుంది, అక్కడ పారడానికి ఇంకేమీ మిగల్లేదని. ఆయన మాత్రం ఇంకా ఆ మందును కాపాడుకుంటున్నాడు.

ఎడమ పాదం ముందు సగం తీసేశారు. మడమ మిగిలింది. ఆకే చేసిందా, ఆకుతో పాటు వచ్చిన మట్టి చేసిందా, షుగరు చేసిందా, ఆలస్యం చేసిందా అని నన్ను చాలామంది అడిగారు. నేను చెప్పలేను. ఆ ముల్లుకు ఆకు కట్టకపోయినా వేళ్లు పోయేవేమో. పసరు పైన ఆరబెట్టి, లోపలి చీమును మా కంట పడకుండా దాచిందేమో. నా కోపం ఆకు మీద కాదు. ఆకు పాపం బాట పక్కన తన మానాన తాను పెరుగుతుంది. ఆ మనిషి ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే కడిగి, కోసి, లోపల ఏముందో చూసేవాళ్లం. డాక్టరు ఇంకొక్క నిమిషం ఆగి ఎందుకు వద్దో చెప్పి ఉంటే ఆయన చెప్పేవాడేమో. చెబితే మందు పారదని ఒకరు అనుకున్నారు, చెప్పాల్సినంత పని లేదని ఇంకొకరు అనుకున్నారు. వీళ్లిద్దరి మర్యాదల మధ్య కాలు పోయింది.

అక్క కూతురు కాలేజీకి పోవడం మానేసింది. "నేను ఫోటో చూపించకపోతే నాయిన కట్టుకునేవాడు కాదు" అని ఒకటే మాట. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. నేను సముదాయించాను, తిట్టాను, అక్కతో చెప్పించాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి బావ మంచం మీద నుంచే దాన్ని పిలిచాడు. కట్టు ఉన్న కాలు దిండు మీద పెట్టుకుని, ఎప్పటిలాగే పుల్ల నములుతూ, "చేతులు కాలినంక ఆకులు వట్టుకున్నరంటరు. నేను ఆకులు వట్టుకొని కాలు కాల్సుకున్న" అని నవ్వబోయాడు. అది నవ్వలేదు. అప్పుడు ఆయన పుల్ల తీసి పక్కన పెట్టాడు. "నువ్వు సదువు ఆపితె నా కాలు ఉత్తగనే పోయినట్టు. గది ఒక్కటి జేయకు" అన్నాడు. మర్నాడు అది కోదాడ బస్సెక్కింది.

అప్పటినుంచి దాని పని మారిపోయింది. ఆకు క్రిములను చంపుతుందా అన్నది ఒక్కటే సరిపోదు, లోపల చీముంటే ఏం చేస్తుంది, ఎంత సారం ఎక్కువవుతుంది, మట్టీ మలినమూ లేకుండా ఎట్లా తియ్యాలి, ప్రతిసారీ ఒకేలా ఎట్లా రావాలి, ఇట్లా ప్రశ్నకు పది ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. వానాకాలం ఆకు ఒక తీరు, ఎండాకాలం ఆకు ఒక తీరు. గుడ్డకు పట్టిస్తే రాలిపోయేది. ఒకసారి బూజు పట్టి మొత్తం పారబోసింది. గైడు మారాడు, యంత్రం చెడిపోయింది, వంతు కోసం ఇంకో ఊరికి పోవాల్సి వచ్చింది. ఇవాళ అయితది, రేపు అయితది అని ఎదురుచూసి నాకే విసుగు పుట్టింది. ఉద్యోగంలో ఉండగా అది చేతికొస్తే నా డ్రెస్సింగ్ గదిలో చూడాలనుకున్నాను. నేను ఉద్యోగం మానేశాను. ఇన్నాళ్లకు అరచేయంత పొర ఒకటి నా ఫ్రిజ్‌లోకి వచ్చింది. అది కూడా మనుషులకు కాదట, ఇంకా ఎలుకల దగ్గరే ఉందట. అందుకే నాయినకు చెప్పకు అంది. చెబితే ఎక్కడ తెచ్చుకుని వేసుకుంటాడో అని దాని భయం. భయపడడంలో తప్పు లేదు. అయినా నాకు ఒళ్లు మండింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. దవాఖాన నుంచి పంపేటప్పుడు బావకు ఒక ఆజ్ఞ వేశాను. మిగిలిన కుడి పాదాన్ని రోజూ ఎవరో ఒకరు చూడాలి. ఆయన వంగలేడు, అక్కకు చూపు ఆనదు. అందుకని రోజూ పొద్దున నా ఫోన్ మోగుతుంది. వీడియో తెరిస్తే మనిషి కనిపించడు, తెర నిండా ఒక పాదం ఉంటుంది. ముందు అరికాలు, తరువాత మడమ, తరువాత అక్క చేత్తో విడదీసిన వేళ్ల సందులు. వెనక నుంచి బావ గొంతు వినిపిస్తూ ఉంటుంది, ధాన్యం ధర, గొర్రెల సంగతి, ఎవరింట్లో పెళ్లి. నేను ఇంట్లో ఉన్నా, బస్సులో ఉన్నా, పెళ్లి పందిట్లో ఉన్నా ఆ పాదం వస్తుంది. ఒకసారి మా పక్కింటామె ఆ తెర చూసి, ఎవరమ్మా ఆ స్వామి అని దండం పెట్టబోయింది. ఒకప్పుడు కట్టు కింద ఏముందో కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పని మనిషి, ఇప్పుడు చిన్న గీత పడినా ఊరందరికీ చూపిస్తున్నాడు.

మొన్న పొద్దున కూడా వచ్చింది. అరికాలు చూశాను, మడమ చూశాను. "బిడ్డొచ్చి పోయిందట గద" అన్నాడు. అవునన్నాను. "ఏం దెచ్చింది?" అన్నాడు. నేను ఫ్రిజ్ వైపు చూశాను. చెప్పకు అన్న మాట చెవిలోనే ఉంది. ఆ ఇంట్లో ఇక మీదట నా వల్ల ఇంకో దాపరికం పుట్టడం నాకు ఇష్టం లేదు. చెప్పేశాను. కట్టు తయారైందని, మనుషులకు ఇంకా పనికిరాదని, అడిగినా ఇవ్వనని, కాదని తెచ్చుకుంటే వచ్చి రెండో కాలు నేనే తీస్తానని కూడా చెప్పాను.

"ఏడిదాక వచ్చింది మరి?"

"ఎలుకల కాడికి వచ్చింది బావా."

"ఎలుకలకు షుగర్ ఉంటదా?"

"షుగర్ వచ్చేటట్టు చేసి చూస్తరట."

"పాపం" అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. ఆ వెంటనే, "మనిషి కాడికి రావాల్నంటె ఎన్నేండ్లు వడుతది?" అన్నాడు.

"తెల్వదు. దానికి గూడ తెల్వదు."

తెర మీద పాదం కదలకుండా ఉంది. గొర్రె ఏదో అరిచింది. నేను ఇంకో తిట్టుకు సిద్ధమవుతున్నాను, ఇప్పుడే ఒక ముక్క పంపు అంటాడని.

"బిడ్డకు చెప్పు, తొందరపడొద్దని. నేను తొందరపడ్డ" అన్నాడు. "గప్పటిదాక ఇది ఉండాలె గద మరి. ఇంకోపారి మంచిగ సూడు మరదలా. వేళ్ల సందుల సూసినవా?"

చూశాను. అక్క ఒక్కొక్క వేలు విడదీస్తుంటే, కళ్లద్దాలు తుడుచుకుని, అన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. బాగుంది బావా అన్నాను. పాదం పక్కకు జరిగింది, ఫోన్ ఆగిపోయింది. పాలు తీద్దామని ఫ్రిజ్ తెరిస్తే డబ్బా మూత సరిగ్గా పడక ఆ వాసన మళ్లీ తగిలింది. చిన్నప్పుడు ఆ ఆకుతో గట్టిగా రుద్దితే నిన్న రాసిన తప్పులన్నీ పోయి పలక కొత్తదయ్యేది. పోయిన కాలాన్ని అట్లా రుద్దే ఆకు ఎవరి పెరట్లోనూ మొలవలేదు, అందుకే రాబోయే కాలం కోసం రోజుకొకసారి ఒక పాదాన్ని చూసుకుంటూ కూర్చున్నాం.